"ఎక్కడ జరిగింది?": సైబర్ నేరం ముందు తడబడే పోలీసు ప్రశ్న

ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చిన మనిషిని పోలీసు మొదట అడిగేది "ఎక్కడ జరిగింది?" అనే. పర్సు పోయినా, ఇల్లు దోచినా, ఎవరైనా కొట్టినా ఈ ప్రశ్నకు జవాబు ఉంటుంది. ఆ జవాబును బట్టే కేసు ఏ స్టేషన్‌ది, ఏ ఆఫీసరుది, ఏ కోర్టుది అన్నది తేలుతుంది. మరి బ్యాంకు పేరుతో వచ్చిన మెసేజ్ నమ్మి డబ్బు పంపేసిన మనిషి ఏం చెప్పాలి? మెసేజ్ చదివింది తన ఇంట్లో కూర్చుని. పంపినవాడు ఇంకో దేశంలో ఉన్నాడు. డబ్బు మూడో దేశంలోని ఖాతాకు చేరింది. మెసేజ్ దాటివచ్చిన సర్వర్ నాలుగో దేశంలో ఉంది. నేరం మాత్రం జరిగింది, డబ్బు మాత్రం పోయింది. ఎక్కడ అన్నదానికే జవాబు లేదు.

సైబర్ నేరాల గురించి మనకు కనబడే రాతల్లో ఎక్కువ భాగం టెక్నాలజీ గురించే ఉంటాయి. పాస్‌వర్డ్ ఇలా పెట్టుకోండి, ఆ లింకు నొక్కకండి అని. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా యూనివర్సిటీల్లో క్రిమినల్ జస్టిస్, క్రిమినాలజీ చెప్పే కొందరు ప్రొఫెసర్లు దీన్ని వేరే వైపు నుంచి చూశారు. పోలీసు ఎలా ఆలోచిస్తాడు, నేరగాడు దేనికి జంకుతాడు, బాధితుడు ఎందుకు నోరు విప్పడు అన్నవి వాళ్ల ప్రశ్నలు. వాళ్ల పరిశోధనలు చదివినకొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఒకటుంది. ఈ నేరాలు పోలీసులకు చిక్కకపోవడానికి హ్యాకర్ల తెలివితేటలకన్నా పెద్ద కారణం, పోలీసు వ్యవస్థను మనం పూర్తిగా స్థలం మీద కట్టుకోవడం.

వీధిలో తిరిగే ఆఫీసరు ఏమనుకుంటాడు

థామస్ హోల్ట్ మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో క్రిమినల్ జస్టిస్ ప్రొఫెసర్. 1935 నుంచి పోలీసు చదువులు చెబుతున్న చోటు అది. జార్జియా సదరన్ యూనివర్సిటీలో ఉన్న ఆడమ్ బాస్లర్‌తో కలిసి ఆయన చేసిన ఒక పని నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. సైబర్ నిపుణుల దగ్గరికి వెళ్లకుండా, వాళ్లు మామూలు పెట్రోలింగ్ ఆఫీసర్ల దగ్గరికి వెళ్లారు. నార్త్ కరోలినాలోని షార్లట్, జార్జియాలోని సవానా నగరాల్లో కార్లలో తిరుగుతూ గొడవలు ఆపే, ప్రమాదాలకు హాజరయ్యే ఆఫీసర్లను సైబర్ నేరాల గురించి ప్రశ్నలు అడిగారు. ఫలితాలు 2012లో వచ్చాయి.

ఇందులో తమ బాధ్యత ఎంత అన్నదానికి ఆ ఆఫీసర్లు చెప్పింది సూటిగానే ఉంది. స్థానిక పోలీసులు దీనికి ప్రధాన బాధ్యులు కాకూడదన్నారు. జనం ఆన్‌లైన్‌లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి, చట్టాలు మారాలి అన్నారు. ఇది విని "చూశారా, పోలీసుల బద్ధకం" అనేయడం తేలిక. నేను అలా అనను. ఆ ఆఫీసరు స్థానంలో నిలబడి చూడండి. అతని శిక్షణలో ఎక్కువ భాగం ఎదుటి మనిషిని అదుపు చేయడం, కారు నడపడం, తుపాకీ వాడటం, సంఘటన స్థలాన్ని చెడకుండా కాపాడటం. అతని పనికి గుర్తింపు వచ్చేది అరెస్టులతో, వెంటనే చేరుకున్న కాల్స్‌తో. చేతిలో స్క్రీన్‌షాట్ పట్టుకుని వచ్చిన మనిషికి అతను చేయగలిగింది నిజంగానే ఏమీ కనబడదు. తన పరిధిలో నేరగాడు లేడు, సాక్షి లేడు, వేలిముద్ర లేదు.

అమెరికాలో సుమారు 18 వేల పోలీసు సంస్థలు ఉన్నాయి. వాటిలో చాలావరకు కొద్దిమంది సిబ్బందితో నడిచే చిన్న విభాగాలే. న్యూయార్క్ లాంటి మహానగరంలో ప్రత్యేక సైబర్ బృందం పెట్టుకోవచ్చు. పదిమంది ఆఫీసర్లున్న ఊళ్లో ఫోన్‌లోని డేటాను కోర్టుకు పనికొచ్చేలా బయటకు తీయగలిగే మనిషి ఎక్కడ దొరుకుతాడు? అందుకే అక్కడ ఈ పనిలో పెద్ద భాగం వేర్వేరు పోలీసు సంస్థలు కలిసి నడిపే ఉమ్మడి బృందాల మీద నడుస్తోంది. ఆర్థిక నేరాలను కూడా దర్యాప్తు చేసే ఫెడరల్ సంస్థ సీక్రెట్ సర్వీస్ 1995లో న్యూయార్క్‌లో ఎలక్ట్రానిక్ నేరాల టాస్క్‌ఫోర్స్ పెట్టింది. పిల్లలపై ఆన్‌లైన్ లైంగిక నేరాలను ఎదుర్కోవడానికి 1998లో మొదలైన ఉమ్మడి బృందాలు ఇప్పుడు దేశమంతా ఉన్నాయి. పిల్లల విషయంలో "ఇది మా పని కాదు" అనే ఆఫీసరు అరుదు. డబ్బు పోయిన కేసుకు వచ్చేసరికి మాత్రం ఆ పట్టుదల కనబడదు.

బ్రిటన్‌లోనూ హోల్ట్, బాస్లర్ ఇంకొందరితో కలిసి ఇంగ్లండ్, వేల్స్ కానిస్టేబుళ్లను, సార్జెంట్లను ఆన్‌లైన్ మోసాల గురించి అడిగారు. తాము సిద్ధంగా లేమన్న మాటే అక్కడా వినిపించింది. దేశం మారింది, యూనిఫామ్ మారింది, జవాబు మారలేదు.

కొత్త నేరమా, పాత నేరమేనా

పరిశోధకుల మధ్య చాలాకాలం నడిచిన వాదం ఒకటుంది. ఇది నిజంగా కొత్త నేరమా? ఆస్ట్రేలియా క్రిమినాలజిస్ట్ పీటర్ గ్రబోస్కీ 2001లో ఇదంతా కొత్త సీసాలో పాత సారానేమో అని అడిగారు. దొంగతనం, మోసం, బెదిరింపు ఎప్పటినుంచో ఉన్నవే, పనిముట్టు మాత్రం మారిందన్నది ఆ వాదన.

ఇక్కడ 1979 నాటి ఒక సిద్ధాంతం తెలుసుకుంటే మేలు. లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ అనే ఇద్దరు అమెరికన్లు ఒక వింతను గమనించారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలో ఆదాయాలు పెరిగాయి, చదువులు పెరిగాయి, దాంతోపాటే దొంగతనాలూ పెరిగాయి. కారణం దొంగల బుద్ధి మారడం కాదన్నారు వాళ్లు. జనం రోజువారీ జీవితం మారింది. ఆడవాళ్లు ఉద్యోగాలకు వెళ్లడంతో పగటిపూట ఇళ్లు ఖాళీగా ఉంటున్నాయి, చంకలో పెట్టుకుపోగలిగినంత తేలికైన ఖరీదైన వస్తువులు ఇళ్లలోకి వచ్చాయి. నేరం జరగాలంటే మూడు కలవాలన్నారు. చేయాలనుకునేవాడు, తగిన గురి, అడ్డుకునేవాడు లేకపోవడం. ఈ మూడూ ఒకే చోట, ఒకే సమయంలో కలవాలి.

ఆ ఆఖరి షరతు దగ్గరే చిక్కు వచ్చింది. ఆన్‌లైన్‌లో "ఒకే చోట" అంటే ఏమిటి? మాజిద్ యార్ 2005లో ఈ సిద్ధాంతాన్ని ఇంటర్నెట్‌కు వర్తింపజేసి చూశారు. గురి అన్న భావన పనికొస్తోంది, కాపలా అన్న భావనా పనికొస్తోంది. స్థలం, సమయం మాత్రం సరిగ్గా అతకడం లేదన్నారు. వీధికి రాత్రి ఉంటుంది, పగలు ఉంటుంది, చివర ఒక మలుపు ఉంటుంది. నెట్‌లో అందరూ అందరికీ ఎప్పుడూ పక్కింటివాళ్లే.

పనికొచ్చే కొలబద్ద ఒకటి డేవిడ్ వాల్ అనే బ్రిటిష్ ప్రొఫెసర్ ఇచ్చారు. ఏ నేరాన్నైనా తీసుకుని, అందులోంచి ఇంటర్నెట్‌ను తీసేయండి. ఏం మిగులుతుంది? హంతకుడు ముందు రోజు దారి వెతుక్కోవడానికి మ్యాప్ వాడితే, నెట్ తీసేసినా హత్య అలాగే ఉంటుంది. ఉత్తుత్తి పెట్టుబడి మోసం నెట్ లేకున్నా జరుగుతుంది, కానీ వందమందికి బదులు పదిమందే మోసపోతారు. కంప్యూటర్ ఫైళ్లను తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ మాత్రం నెట్ తీసేస్తే మాయమైపోతుంది. పోలీసు దృష్టిలో ఈ తేడా చాలా ముఖ్యం. మొదటి రకానికి మామూలు డిటెక్టివ్ చాలు, ఫోన్ చూడటం వస్తే సరిపోతుంది. మూడో రకానికి నిపుణులు కావాలి. నడిమి రకం, అంటే పాత మోసమే కొత్త వేగంతో జరగడం, సంఖ్యలో అన్నిటికన్నా ఎక్కువ. దురదృష్టవశాత్తు ఎవరి బల్ల మీదా స్థిరపడనిదీ అదే. మామూలు డిటెక్టివ్ "ఇది సైబర్" అంటాడు, సైబర్ నిపుణుడు "ఇది మామూలు చీటింగ్" అంటాడు.

వాల్ చెప్పిన ఇంకో విషయం దీనికి తోడవుతుంది. పాతకాలపు బ్యాంకు దొంగ ఒక్క చోటే కోటి దోచాలని చూస్తాడు, దాంతో ఊరంతా కదులుతుంది. నెట్ దొంగ కోటి మంది దగ్గర ఒక్కో రూపాయి తీసినా చాలు. ఆ రూపాయి కోసం ఎవరూ స్టేషన్‌కి వెళ్లరు, వెళ్లినా ఏ ఆఫీసరూ దానికి సమయం పెట్టడు. మొత్తంగా చూస్తే పెద్ద నేరం, విడివిడిగా చూస్తే చిల్లర.

లెక్కలో లేనిది కంటికి కనబడదు

1990ల మధ్య నుంచి చాలా పాశ్చాత్య దేశాల్లో నేరాలు తగ్గుతూ వచ్చాయి. ఇళ్ల దోపిడీలు, కార్ల దొంగతనాలు బాగా పడిపోయాయి. ఎందుకు తగ్గాయన్నది క్రిమినాలజీలో పెద్ద చర్చ. ఇంతలో ఇంగ్లండ్, వేల్స్‌లో ఒక చిన్న మార్పు జరిగింది. అక్కడ 1980ల నుంచి పోలీసు రికార్డులతో సంబంధం లేకుండా, ఇంటింటికీ వెళ్లి "గత ఏడాది మీకు ఏ నేరం జరిగింది?" అని అడిగే సర్వే ఉంది. 2015 అక్టోబరులో ఆ సర్వేలో మోసాలు, కంప్యూటర్ దుర్వినియోగం గురించిన ప్రశ్నలు చేర్చారు. 2016లో వచ్చిన తొలి అంచనాల ప్రకారం ఏడాదిలో 38 లక్షల మోసాలు, 20 లక్షల కంప్యూటర్ నేరాలు. మొత్తం 58 లక్షలు. అప్పటిదాకా ఆ సర్వే లెక్కించిన మిగతా నేరాలన్నీ కలిపితే ఉండే సంఖ్యకు కాస్త తక్కువ, అంతే. ప్రశ్న అడగగానే దేశంలో నేరాల అంచనా దాదాపు రెట్టింపైంది.

అయితే దొంగలు వీధి వదిలి నెట్‌కు మారారా? అలా అనుకోవాలని మనసు లాగుతుంది, కానీ తేదీలు ఒప్పుకోవు. గ్రాహం ఫారెల్, డేనియల్ బర్క్స్ 2018లో ఈ ప్రశ్న వేసుకుని కాదనే తేల్చారు. కార్ల దొంగతనాలు తగ్గడం మొదలైనప్పుడు చాలా ఇళ్లలో ఇంటర్నెట్టే లేదు. కార్లకు, ఇళ్లకు మంచి తాళాలు రావడం లాంటి వేరే కారణాలే అక్కడ బలమైనవి.

లెక్కకూ డబ్బు కేటాయింపుకూ నేరుగా ముడి ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లో జరిగే నేరాల్లో మోసాల వాటా 40 శాతం దాటినా, పోలీసు వనరుల్లో వాటికి దక్కేది 1 శాతం కన్నా తక్కువేనని 2023లో అక్కడి ప్రభుత్వమే తన వ్యూహపత్రంలో ఒప్పుకుంది. అమెరికాలో మెరుగైన సైబర్ నేర గణాంకాల కోసమే ప్రత్యేకంగా 2022 మేలో ఒక చట్టం తెచ్చారు. నేరాన్ని లెక్కపెట్టడానికి చట్టం అవసరమైందంటే, అంతకుముందు పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఎఫ్‌బీఐకి ఆన్‌లైన్ ఫిర్యాదుల కేంద్రం ఒకటుంది, 2000లో మొదలైంది. 2024లో దానికి 8,59,532 ఫిర్యాదులు వచ్చాయి. బాధితులు చెప్పిన నష్టం 1,660 కోట్ల డాలర్లు. అందులో 60 ఏళ్లు దాటినవాళ్లదే 480 కోట్ల డాలర్లకు పైగా. ఇవి ఫిర్యాదు చేసినవాళ్ల లెక్కలు మాత్రమే. చేయనివాళ్లు ఎందరు? దీనికి ఒక అరుదైన జవాబు 2023 జనవరిలో దొరికింది. హైవ్ అనే రాన్సమ్‌వేర్ ముఠా నెట్‌వర్క్‌లోకి ఎఫ్‌బీఐ 2022 జులైలోనే రహస్యంగా చొరబడింది. ఏడు నెలలు లోపలే ఉండి, ఎవరి మీద దాడి జరుగుతోందో చూస్తూ, తాళం తీసే కీలను బాధితులకు చేరవేసింది. 13 కోట్ల డాలర్ల చెల్లింపులు ఆగాయి. లోపలి నుంచి బాధితుల జాబితా చూశారు కాబట్టి, వాళ్లలో పోలీసులకు చెప్పినవాళ్లు సుమారు 20 శాతమేనని తేలింది. మిగతా సంస్థలు తమలో తామే కుమిలిపోయాయి. ఇంత పెద్ద దెబ్బ తిన్న సంస్థలే నోరు మెదపకపోతే, ఒంటరిగా మోసపోయిన మనిషి సంగతి చెప్పనక్కరలేదు.

ఎర వేసి చూసిన ప్రొఫెసరు

పోలీసు శాస్త్రంలో భయం చాలా పాత మందు. శిక్ష పడుతుందన్న భయం ఉంటే నేరం తగ్గుతుందంటారు. కీబోర్డు వెనక ఉన్నవాడికి భయం ఎలా పుట్టించాలి? డేవిడ్ మైమన్ అనే ప్రొఫెసరు ఇది ప్రయోగం చేసి చూశారు. ఇప్పుడు ఆయన జార్జియా స్టేట్ యూనివర్సిటీలో క్రిమినల్ జస్టిస్ విభాగంలో ఉన్నారు, అప్పుడు మేరీలాండ్ యూనివర్సిటీలో ఉండేవారు. ఒక పెద్ద యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో కావాలనే బలహీనంగా ఉంచిన ఎర కంప్యూటర్లను పెట్టారు. హ్యాకర్లు పాస్‌వర్డ్‌లు ఊహించి లోపలికి వచ్చేవారు. వచ్చినవాళ్లలో కొందరికి "అనుమతి లేకుండా ప్రవేశించడం చట్టవిరుద్ధం, మీ కదలికలు గమనిస్తున్నాం" అన్న తరహా హెచ్చరిక కనబడేలా, మిగతావాళ్లకు కనబడకుండా, చిట్టీ వేసినట్టు విడదీశారు.

2014లో ప్రచురించిన ఫలితం ఊహించిన దానికి భిన్నంగా ఉంది. హెచ్చరిక చూసి హ్యాకర్లు వెంటనే పారిపోలేదు. మళ్లీ రావడమూ మానలేదు. కానీ లోపల గడిపే సమయం తగ్గింది. క్రిమినాలజీలో దీనికి ఒక పేరు ఉంది, పరిమిత నిరోధం అంటారు. దొంగ దొంగతనం మానడు, తొందరపడతాడు. తొందరలో తక్కువ ఎత్తుకుపోతాడు. సైబర్ రక్షణలో పూర్తిగా ఆపడమా, పూర్తిగా ఓడిపోవడమా అన్నట్టు మాట్లాడటం అలవాటైన మనకు ఈ నడిమి ఫలితం రుచించదు. నాకైతే ఇదే ఎంతో విలువైనది. రెండు వాక్యాల హెచ్చరికకు ఖర్చు ఏమీ లేదు.

మైమన్ తరువాతి పని ఇంకో భ్రమను పోగొట్టింది. వీధి నేరం వేరు, నెట్ నేరం వేరు అన్న భ్రమ. ఆయన బృందం టెలిగ్రామ్ గ్రూపుల్లో దొంగ చెక్కుల అమ్మకాలను గమనించింది. అమెరికాలో పోస్టుడబ్బాల నుంచి ఉత్తరాలు దొంగిలించి, అందులో దొరికిన చెక్కుల మీది సిరాను రసాయనాలతో కడిగి, పేరు, మొత్తం మార్చేస్తారు. ఆ చెక్కుల ఫోటోలు, పోస్టుడబ్బాలు తెరిచే తాళంచెవులు కూడా ఆన్‌లైన్‌లో అమ్మకానికి వస్తాయి. దొంగతనం వీధిలో, బేరం ఫోన్‌లో, డబ్బు బ్యాంకులో. ఇలాంటి కేసును సైబర్ విభాగానికి పంపాలా, పోస్టల్ ఇన్‌స్పెక్టర్లకు పంపాలా, స్థానిక స్టేషన్‌కా? ఒక్కరికే పంపితే మూడింట రెండు వంతుల నేరం చీకట్లోనే ఉండిపోతుంది.

దొంగల బజారులో నమ్మకం ఖరీదు

నేర ప్రపంచాన్ని ఒక మార్కెట్‌గా చూడటం ఈ పరిశోధనల్లో నాకు బాగా నచ్చిన మలుపు. హోల్ట్ 2010 నాటికే దొంగిలించిన కార్డుల వివరాలు అమ్మే ఫోరమ్‌లను వరసగా చదివి విశ్లేషించారు. అక్కడ ధరల పట్టికలుంటాయి, కస్టమర్ సేవ ఉంటుంది, అమ్మకందార్లకు మంచి పేరు, చెడ్డ పేరు ఉంటాయి. వాళ్లను పీడించే సమస్యా ఉంది. కొన్న సరుకు నకిలీదైతే ఎవరికి ఫిర్యాదు చేస్తారు? దొంగను దొంగ మోసం చేస్తే కోర్టు లేదు. అందుకే ఆ బజారు మొత్తం పేరుప్రతిష్ఠల మీద, మధ్యవర్తి దగ్గర డబ్బు ఉంచే ఏర్పాటు మీద నడుస్తుంది. నమ్మకం అక్కడ సరుకు కన్నా ఖరీదైనది.

ఇది తెలిశాక పోలీసుల ముందు రెండు దారులు కనబడతాయి. దుకాణం మూసేయడం ఒకటి, నమ్మకాన్ని చెడగొట్టడం ఇంకొకటి. మొదటి దారిని 2014 నవంబరులో పెద్ద ఎత్తున ప్రయత్నించారు. సిల్క్ రోడ్ 2.0తో సహా చాలా డార్క్ వెబ్ బజార్లను, అంటే మామూలు బ్రౌజరుకు కనబడని నెట్ మూలల్లో నడిచే దొంగ బజార్లను, ఒకేసారి మూసేశారు. కెనడా పరిశోధకుడు డేవిడ్ డెకారీ-ఎటు, బ్రిటన్‌లోని లూకా జొమ్మోని ఆ తరువాత ఏం జరిగిందో కొలిచారు. కొద్ది నెలల్లోనే వ్యాపారం మళ్లీ కోలుకుంది. జనం పక్క బజారుకు నడిచి వెళ్లారంతే.

2017లో డచ్ పోలీసులు రెండో దారి పట్టారు. హాన్సా అనే బజారును జూన్‌లో గుట్టుగా చేతిలోకి తీసుకుని, మూయకుండా 27 రోజులు తామే నడిపారు. జులైలో అమెరికా నాయకత్వంలో ఆల్ఫాబే అనే అతిపెద్ద బజారును మూసేశారు. అక్కడి కొనుగోలుదార్లు, అమ్మకందార్లు పరుగున హాన్సాకు వచ్చిపడ్డారు, సరిగ్గా పోలీసుల చేతుల్లోకి. జులై 20న సంగతి బయటపెట్టారు. తరువాత పరిశీలించిన డచ్ పరిశోధకులు గమనించింది ఏమిటంటే, హాన్సా నుంచి వేరే బజారుకు మారిన అమ్మకందార్లు పేర్లు మార్చుకున్నారు. కొత్త పేరు అంటే ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న మంచి రేటింగులు సున్నా కావడం. పోలీసులు జప్తు చేసింది సర్వర్‌నే కాదు, పరపతిని కూడా. 2024 ఫిబ్రవరిలో లాక్‌బిట్ రాన్సమ్‌వేర్ ముఠా మీద బ్రిటన్ నేషనల్ క్రైమ్ ఏజెన్సీ, దాని మిత్రులు చేసిన దాడిలోనూ ఇదే కనబడుతుంది. ముఠా తన బాధితులను బెదిరించే వెబ్‌సైట్‌నే తీసుకుని, దాని మీద ముఠా రహస్యాలు పెట్టారు. ముఠా కింద పనిచేసేవాళ్లు లాగిన్ అయితే పోలీసుల సందేశం ఎదురైంది.

కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో బెన్ కోలియర్, ఆలిస్ హచింగ్స్ తదితరులు 2019లో ప్రచురించిన అధ్యయనం అరెస్టులకు, ప్రకటనలకు మధ్య తేడాను చూపింది. డబ్బు కడితే ఎవరి వెబ్‌సైట్‌నైనా, గేమ్ సర్వర్‌నైనా కాసేపు ముంచేసే బూటర్ సేవలు ఉంటాయి. ఎక్కువగా టీనేజ్ కుర్రాళ్లు వాడతారు. అరెస్టులతో దాడులు తగ్గినా, అది కొద్దికాలమే. 2018 డిసెంబరులో ఎఫ్‌బీఐ 15 సైట్లను ఒకేసారి మూసేస్తే సుమారు పది వారాలు తగ్గాయి. నేషనల్ క్రైమ్ ఏజెన్సీ 2017 డిసెంబరు నుంచి 2018 జూన్ దాకా ఒక చిన్న పని చేసింది. బ్రిటన్‌లో ఎవరైనా ఈ సేవల కోసం గూగుల్‌లో వెతికితే, ఇది నేరం అని చెప్పే ప్రకటన కనబడేలా డబ్బు కట్టింది. ఆ కాలంలో అమెరికాలో దాడులు పెరుగుతూ పోయాయి, బ్రిటన్‌లో పెరుగుదల ఆగిపోయింది. ఆ కుర్రాళ్లలో చాలామందికి అది నేరమన్న సంగతే సరిగా తెలియదని నా అనుమానం. జైలు గోడ దాకా వెళ్లనివ్వకుండా గుమ్మం దగ్గరే ఒక మాట చెప్పడం ఇది.

అదే బృందం 2020లో ఇంకో మాట చెప్పింది. సైబర్ నేరం చాలావరకు విసుగు పుట్టించే పని అని. బూటర్ నడిపేవాడి రోజంతా పాడైన సర్వర్లు సరిచేయడం, కోపంగా ఉన్న కస్టమర్లకు జవాబులివ్వడం, చెల్లింపు ఖాతాలు మూతపడితే కొత్తవి తెరవడంలోనే గడిచిపోతుంది. హుడీ వేసుకుని చీకటి గదిలో కూర్చున్న మేధావి బొమ్మకూ దీనికీ పోలికే లేదు. పోలీసులు ఆ బొమ్మను ప్రచారం చేస్తే కుర్రాళ్లకు అదో ఆకర్షణ అవుతుంది. ఆ పనిని ఇంకాస్త విసుగ్గా, ఇంకాస్త చాకిరీగా మార్చడమే మంచి వ్యూహమని వాళ్ల వాదన.

సరిహద్దు దగ్గర

2000 మే నెలలో "ఐ లవ్ యూ" అనే వైరస్ ప్రపంచమంతా ఈమెయిళ్లను ముంచెత్తింది. అది ఫిలిప్పీన్స్ నుంచి బయల్దేరిందని త్వరగానే తెలిసింది, అనుమానితుడూ దొరికాడు. కానీ అప్పటికి ఆ దేశంలో దానికి సరిపోయే చట్టం లేదు. చట్టం మరుసటి నెలలో వచ్చింది, వెనక్కి వర్తించదు. కేసు వీగిపోయింది. 2001 నవంబరులో బుడాపెస్ట్‌లో సంతకాలకు తెరిచిన సైబర్ నేరాల ఒప్పందం దేశాల చట్టాలను దగ్గరికి తేవడానికి ప్రయత్నించింది. ఐక్యరాజ్యసమితి తన ఒప్పందాన్ని 2024 డిసెంబరులో ఆమోదించింది. ఒప్పందాలు ఉన్నా, తన పౌరులను అప్పగించని దేశాలు ఉన్నంతకాలం అరెస్టు మీదే ఆధారపడటం కుదరదు. పైన చెప్పిన బజార్ల వ్యూహాలు పుట్టిందే అందుకు.

సరిహద్దు అవతల ఉన్నది ఎప్పుడూ నేరగాడే అని కూడా అనుకోకూడదు. ఆన్‌లైన్ మోసాలు చేయించడానికి బలవంతంగా బంధించినవాళ్లు మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు లక్షమంది ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో చెప్పింది. ప్రేమగా మాట్లాడుతూ డబ్బు గుంజుతున్న ఆ మనిషి వెనక కర్ర పట్టుకుని ఇంకొకడు నిలబడి ఉండవచ్చు. ఈ మాట చదివినప్పటి నుంచి బాధితుడు, నేరగాడు అన్న మాటలు నేను ముందంత తేలిగ్గా రాయలేకపోతున్నాను.

బల్ల ఇవతల కూర్చున్న మనిషి

ఆస్ట్రేలియాలో కాసాండ్రా క్రాస్ అనే ప్రొఫెసరు ఏళ్ల తరబడి ఆన్‌లైన్ మోసాల బాధితులతో మాట్లాడారు. వాళ్లు చెప్పిన బాధలో డబ్బు ఒక భాగమే. పోలీసులు బ్యాంకును అడగమంటారు, బ్యాంకు పోలీసులను అడగమంటుంది, ఇద్దరూ కలిసి ఒక వెబ్‌సైట్ పేరు చెబుతారు. రంగులరాట్నం ఎక్కినట్టు తిరిగి తిరిగి మొదటి చోటికే వస్తారు. దీనికి తోడు నవ్వులు. ఇల్లు దోచినవాడి బాధితుణ్ణి చూసి ఎవరూ నవ్వరు. ప్రేమ పేరుతో మోసపోయినవాళ్లను చూసి ఇంట్లోవాళ్లే నవ్వుతారు, తప్పు వాళ్లదే అంటారు. షార్లట్, సవానా ఆఫీసర్లు చెప్పిన "జనం జాగ్రత్తగా ఉండాలి" అన్న మాట ఇక్కడికి వచ్చేసరికి ఎంత బరువుగా మారుతుందో చూడండి. ఆఫీసరు దాన్ని సలహాగా అంటాడు, వినేవాళ్లకు తీర్పులా వినబడుతుంది. సిగ్గుతో వాళ్లు ఇంకెవరికీ చెప్పరు. లెక్క తగ్గుతుంది. లెక్క తగ్గితే సిబ్బందీ తగ్గుతారు.

బాధితుడు త్వరగా చెప్పడం వల్ల జరిగే మేలు మాత్రం చాలా నిర్దిష్టమైనది. ఎఫ్‌బీఐ ఫిర్యాదుల కేంద్రంలో 2018 నుంచి డబ్బు వెనక్కి రప్పించే బృందం ఒకటి పనిచేస్తోంది. ఫిర్యాదు రాగానే అది డబ్బు చేరిన బ్యాంకుతో మాట్లాడి, దొంగ విత్‌డ్రా చేసేలోపు ఖాతాను స్తంభింపజేయడానికి ప్రయత్నిస్తుంది. 2023లో ఆ బృందం చేపట్టిన కేసుల్లో 75.8 కోట్ల డాలర్లు ప్రమాదంలో ఉంటే, 53.8 కోట్లు ఆపగలిగింది. నేరగాడు పట్టుబడ్డాడా లేదా అన్నదానితో దీనికి పనిలేదు. అతను ఏ దేశంలో ఉన్నా ఫరవాలేదు. డబ్బు ఇంకా ఆ ఖాతాలోనే ఉండాలి, అంతే. చిన్న ఊరి స్టేషన్‌లో బల్ల దగ్గర కూర్చున్న ఆఫీసరుకు కంప్యూటర్ పరిజ్ఞానం లేకపోయినా, వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, బ్యాంకుకు ఫోన్ చేయించి, ఆ ఫిర్యాదు అప్పటికప్పుడు పంపించగలడు. ఆ ఫిర్యాదు ఫారంలో బృందానికి ముఖ్యంగా కావలసినవి కొన్నే: ఏ ఖాతా నుంచి, ఏ ఖాతాకు, ఎంత, ఏ తేదీన.